ఆటలో బానిసల సంత ఉంటే: గేమ్ మాస్టర్ల ప్రశ్నలు, మా జవాబులు

ఫాంటసీ టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటలు ఆడించేవాళ్లు పంపిన ప్రశ్నల్లో బానిసత్వం గురించి అడిగినవన్నీ ఈసారి ఒకచోట చేర్చాం. ఈ ఆటల్లో అందరూ బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్రగా మాటలతో, పాచికలతో కథ నడుపుతారు. ఆ ప్రపంచాన్ని వర్ణించి ఆట నడిపించేవారే గేమ్ మాస్టర్ (జీఎం).

ప్రశ్న: గేమ్ మాస్టర్‌గా కూర్చోవడం నాకిదే మొదటిసారి. నా ప్రపంచంలో ఒక రేవు పట్టణం ఉంది, దాని సంపదంతా బానిసల వ్యాపారం నుంచే వస్తుంది. ఆటగాళ్లు ఐదుగురు. "ఎవరికైనా అభ్యంతరమా?" అని అడిగితే ఎవరూ మాట్లాడలేదు. మొదలుపెట్టేయొచ్చా?

జవాబు: అప్పుడే వద్దు. మౌనం అర్ధాంగీకారమన్న మాట ఆట బల్ల దగ్గర చెల్లదు. నలుగురి ఎదుట అడిగితే ఇబ్బంది ఉన్నవాళ్లు కూడా లేదనే అంటారు. ఆట చెడగొట్టామన్న పేరెందుకని మొహమాటం.

పైగా "బానిసత్వం ఉండొచ్చా" అన్నది మరీ పెద్ద ప్రశ్న, దాన్ని ముక్కలు చేయండి. ఆట మొదలుకాకముందు కూర్చుని మాట్లాడుకునే సెషన్ జీరోలో తలా ఒక కాగితం ఇవ్వండి. అందులో వేలం, కొరడా దెబ్బలు, ఒంటిమీద వాతలు, తల్లీబిడ్డల్ని విడగొట్టడం, పారిపోయినవాళ్ల వేట, ఆటగాళ్ల పాత్రలే బందీలవడం అని విడివిడిగా రాసి ఉండాలి. ఒక్కోదాని పక్కన మూడు గళ్లు: 'అసలు వద్దు', 'తెర వెనక జరగనీ', 'ఎదురుగా ఆడొచ్చు'. పేర్లు రాయకుండా నింపించండి. ఐదింటిలో ఒక్క కాగితం 'వద్దు' అన్నా అది అందరికీ వద్దు. ఓట్లు లెక్కపెట్టడం, ఇది ఎవరి రాత అని ఆరా తీయడం చేయకండి. లైంగిక హింసకు అసలు గడే వద్దు, మీరే ముందుగా కొట్టేయండి. ఈ పద్ధతికి లైన్స్ అండ్ వీల్స్ (గీతలు, తెరలు) అని పేరు, ఆ పేరు పెట్టింది గేమ్ డిజైనర్ రాన్ ఎడ్వర్డ్స్.

'తెర వెనక' అంటే నెమ్మదిగా, నీళ్లు కలిపి వర్ణించడం కాదు. "సాయంత్రానికి వేలం అరుగు ఖాళీ అయింది. ఒక కుర్రాడు నీళ్లు కొట్టి కడుగుతున్నాడు." ఇంతే, తర్వాతి సన్నివేశానికి వెళ్లిపోవాలి.

దీనికి తోడు 2013లో జాన్ స్టావ్రోపౌలోస్ తెచ్చిన ఎక్స్ కార్డ్ పెట్టుకోండి. బల్ల మధ్య ఎక్స్ గుర్తున్న కార్డు ఉంటుంది. ఎవరు తాకినా నడుస్తున్న విషయాన్ని పక్కనపెట్టేస్తారు, కారణం అడగరు. చాలాచోట్ల దీన్ని పెట్టి మరచిపోతారు, ఎందుకంటే ముందుగా తాకడానికి ఎవరికీ చెయ్యి రాదు. మొదటి సెషన్‌లోనే మీరు ఏదో చిన్న వర్ణన దగ్గర కార్డు తాకి, "ఇది వదిలేద్దాం" అని మామూలుగా ముందుకు సాగండి. దానితో బెరుకు పోతుంది.

ప్రశ్న: మా బృందంలో ఒకరు సంతలో ఇద్దరిని కొని సామాన్లు మోయించుకుంటామంటున్నారు. "నా పాత్ర స్వభావమే అంత" అని వాదన. ఇంకొకరేమో అక్కడున్నవాళ్లందరినీ కొని విడిపిద్దామంటున్నారు. ఇద్దరికీ ఏం చెప్పాలి?

జవాబు: మొదటివారికి కుదరదని చెప్పండి. పాత్ర దానంతటది పుట్టలేదు. రాసింది ఆ ఆటగాడే, మార్చుకోగలిగిందీ ఆయనే. ఇది ఆట ఆపి, మామూలు గొంతుతో చెప్పాల్సిన మాట. అది చెప్పలేక ఆటలోపల శిక్షలు వేసే జీఎంలు ఉంటారు: కాపలావాళ్లు పట్టుకోవడం, దేవుడు శపించడం వగైరా. ఆటగాడు దాన్ని సవాలు కింద తీసుకుంటాడు, మిగతావాళ్ల సమయమంతా ఆ పంతానికే పోతుంది. ధరల పట్టిక కూడా రాసుకోకండి. తాడు, లాంతరు, గుర్రం వరుసలో మనిషి పక్కన అంకె కనిపిస్తే ఎవరైనా కొనుగోలు లెక్కే వేస్తారు.

రెండోవారిది మంచి మనసు, ఆటకు మంచి చిక్కు కూడా. విడిపించడానికి కొన్నా వర్తకుడికి అది బేరమే. ఈసారి పదిమందిని కొంటే వచ్చే పడవలో పదిహేను మంది దిగుతారు. ధర పెరిగి ఉంటుంది. వర్తకుడు వీళ్లను గుర్తుపట్టి నవ్వుతూ ఎదురొస్తాడు. ఆ నవ్వు చాలు, మీరు ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. అయితే తెలిసిన ఒక్క మనిషిని, చెల్లెల్నో స్నేహితుణ్నో, కొని విడిపించుకునే కథను ఇలా దెబ్బతీయకండి. చరిత్రలో బానిసలే పైసా పైసా కూడబెట్టి తమవాళ్లను కొనుక్కున్నారు. ప్రాచీన రోమ్‌లో విడుదలయ్యే బానిస విలువ మీద 5 శాతం పన్ను కూడా ఉండేది. పత్రం, పన్ను, సాక్షులు: ఈ మూడింటిలో ఏది లేకపోయినా చిక్కే, అంటే మీకు ఒక సెషన్ దొరికినట్టే.

ప్రశ్న: బానిసల వర్తకుల శిబిరం మీద దాడి చేసి మావాళ్లు 40 మందిని విడిపించారు. అందరూ దండం పెట్టారు, తర్వాత నాకేం తోచలేదు. "వాళ్లు ఇళ్లకు వెళ్లిపోయారు" అనేశాను. చప్పగా అయిపోయింది. ఎక్కడ తప్పు జరిగింది?

జవాబు: అసలు ఆట మొదలయ్యే చోట మీరు ఆపేశారు. సంకెళ్ల దగ్గర్నుంచే చూద్దాం.

ఈ తరహా ఆటల్లో ఒకటైన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ 2014 నియమాల్లో సంకెళ్ల తాళాన్ని దొంగ పనిముట్లతో తీయాలంటే కష్టాంకం 15, అంటే ఇరవై ముఖాల పాచిక మీద పడిన అంకెకు పాత్ర నైపుణ్యాంకం కలిపితే కనీసం అంత రావాలి. బలంతో తెంచాలంటే 20. ఐదో లెవల్ దొంగ పాత్రకు ఆ నైపుణ్యాంకం మొత్తం 7 ఉందనుకుందాం. 8 గానీ ఆపైన గానీ పడితే తాళం వస్తుంది, అంటే 65 శాతం. 40 మందికి సగటున 62 ప్రయత్నాలు, ఒక్కోటి 6 సెకన్లు, మొత్తం ఆరు నిమిషాల పైమాటే. కాపలావాళ్లు మూడు నిమిషాల్లో వస్తారంటే అప్పటికి విడిపడేది ఇరవై మందే. అరవైసార్లు పాచికలు వేయించకండి, ఈ లెక్క బల్ల మీద పెట్టండి. "ఇరవై మందికే సమయముంది. ఎవరితో మొదలుపెడతారు?" ఇంతవరకూ కత్తులు తిప్పుతున్నవాళ్లు ఒక్కసారిగా మౌనమైపోతారు. అప్పుడు గుంపులోంచి ఒకామె అంటుంది: "మేస్త్రీ దగ్గర తాళాల గుత్తి ఉంది. వాడు ఎక్కడ పడుకుంటాడో నాకు తెలుసు."

ఆ మాట ముఖ్యం. విడిపించేవాళ్లు వచ్చేదాకా బానిసలు చేతులు కట్టుకు కూర్చున్నట్టు చూపడమే ఈ తరహా సాహసాల్లో అన్నింటికన్నా పెద్ద లోపం. క్రీ.పూ. 73లో కాపువాలో స్పార్టకస్‌తో పాటు తప్పించుకున్న డెబ్బైమంది పైచిలుకు గ్లాడియేటర్లు వంటింటి కత్తులు, మాంసం కాల్చే ఇనుప చువ్వలు పట్టుకుని బయటపడ్డారు. అమెరికాలో బానిసగా ఉన్న ఫ్రెడరిక్ డగ్లస్ పారిపోతూ 1838 సెప్టెంబరు 3న బాల్టిమోర్‌లో రైలెక్కినప్పుడు జేబులో ఉన్నది స్నేహితుడైన ఒక నావికుడి గుర్తింపు పత్రం. అందులో రాసిన పోలికలు ఆయనకు సరిపోవు. కండక్టర్ పైపైన చూసి వదిలేశాడు. చిన్న కాగితం, అరువు తెచ్చుకున్న నావికుడి దుస్తులు, గుండె దడ. ఒక సెషన్‌కు ఇంతకన్నా ఏం కావాలి? కాబట్టి మీ శిబిరంలో ముందే ఒక పథకం నడుస్తుండాలి, అందులో ఒక్క ముక్క తక్కువై ఉండాలి. పడవో, తాళమో, దారి తెలిసిన మనిషో. కథానాయకులు తెచ్చేది ఆ ముక్కే.

40 మందికీ పేర్లు పెట్టక్కర్లేదు, ఐదుగురు చాలు. పథకం నడుపుతున్నవాడు, ఖాతా పుస్తకం చదవగలిగిన ఒకామె, కమ్మరి, బిడ్డ వేరే ఇంట్లో ఉండిపోయింది కాబట్టి కదలనంటున్న తల్లి, యజమానికి కబుర్లు మోస్తున్నవాడు. ఆ చివరివాణ్ని దుర్మార్గుడిగా రాయకండి. వాడికి దక్కేదల్లా రోజూ ఇంకో గుప్పెడు తిండి, అంతే.

ఇక ప్రయాణం. అవే నియమాల ప్రకారం మనిషికి రోజుకు ఒక పౌను తిండి, ఒక గ్యాలన్ నీళ్లు. ఎండ ఎక్కువైతే నీళ్లు రెట్టింపు. 40 మందికి నీళ్లే దాదాపు 150 లీటర్లు, అంటే 150 కిలోల బరువు. ఒక తోలు సంచిలో అర గ్యాలన్ పడుతుంది, కాబట్టి 80 సంచులు కావాలి. మావాళ్ల దగ్గర మంత్రాలున్నాయి కదా అంటారా? మంచిదే. గుడ్‌బెర్రీ మంత్రం ఒకసారికి పది పండ్లు ఇస్తుంది, పండు ఒక మనిషికి రోజు తిండి. నాలుగుసార్లు వేస్తే 40 మందీ తింటారు. ప్రకృతి మంత్రాలు వేసే ఐదో లెవల్ డ్రూయిడ్‌కు ఉన్న మొదటి స్థాయి స్లాట్లు, అంటే మంత్రం వేసే అవకాశాలు, కూడా సరిగ్గా నాలుగే. తిండి సమస్య తీరింది, నీళ్లది తీరలేదు. అందుకని దారి ఏటి గట్టునే సాగాలి. వెంటాడేవాళ్లకూ ఆ సంగతి తెలుసు. నెమ్మది నడకకు నియమం ఇచ్చేది రోజుకు 18 మైళ్లు, గుర్రాల మీద వచ్చేవాళ్లు ఎక్కడ అందుకుంటారో మ్యాప్ మీద కొలిచి పెట్టుకోండి.

ప్రశ్న: ఆటగాళ్ల పాత్రలు సంకెళ్లతో కళ్లు తెరిచేలా క్యాంపెయిన్ (చాలా సెషన్ల పాటు సాగే కథ) మొదలుపెట్టాలని ఉంది. బాగుంటుందా?

జవాబు: ముందే చెప్పి, వాళ్లు సరేనంటేనే. డంజన్స్ అండ్ డ్రాగన్స్ కోసం 1980, 81లో అచ్చయిన నాలుగు భాగాల స్లేవ్ లార్డ్స్ సాహసంలో ఆఖరి భాగం ఇలాగే, సామగ్రి అంతా పోగొట్టుకున్న బందీలతో మొదలవుతుంది. అది పోటీల కోసం రాసింది. పోటీలో పాత్రలను నిర్వాహకులే ఇస్తారు, ఆటగాడు ఆర్నెల్లుగా పెంచుకున్న పాత్ర కాదు. ఆ తేడా మరచి ఇంటి క్యాంపెయిన్ మధ్యలో పట్టి బంధిస్తే ఆటగాళ్లు ఒకటే పాఠం నేర్చుకుంటారు: లొంగిపోకూడదు. ఆ తర్వాత ప్రతి పోరాటమూ చచ్చేదాకా సాగుతుంది.

సరేనన్నాక కూడా బందీకాలం ఒక్క సెషన్ దాటనివ్వకండి. ప్రతి పాత్ర దగ్గరా దాచుకున్నది ఒకటి ఉండాలి: ఒక మేకు, ఒక రహస్యం, ఒక కాపలావాడి అప్పు. మంత్రగాడికి మంత్రాలకు కావాల్సిన పుస్తకం రెండో సెషన్ ముగిసేలోపు చేతికి రావాలి, లేకపోతే ఆయన పాచికలు వేయడానికి కాదు, చూడటానికి వచ్చినట్టవుతుంది. అవమానాల వర్ణన ఒక వాక్యంతో సరి.

ప్రశ్న: నా ప్రపంచంలో ఒక జాతి పుట్టుకతోనే సేవ చేయడానికి ఇష్టపడుతుంది, ఇంకో జాతి పుట్టుకతోనే బానిసల వర్తకులు. కల్పనే కదా, ఫర్వాలేదా?

జవాబు: రెండూ తీసేయండి. "వాళ్లకు అదే ఇష్టం" అన్నది చరిత్ర పొడవునా యజమానులు చెప్పిన సాకు. కల్పనలో దాన్ని నిజం చేసి చూపడమంటే ఆ సాకుకు సాక్ష్యం తయారుచేయడమే. 2022లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ వాళ్ల స్పెల్‌జామర్ పుస్తకాల్లో హడోజీ అనే కోతి పోలికల జాతికి ఇచ్చిన గతం మీద ఇలాంటి దుమారమే రేగింది. ఒక మాంత్రికుడు వాళ్లను పట్టి, తెలివిని ఇచ్చి, బానిసల్ని చేస్తాడు. వాళ్లను విడిపించింది అతని శిష్యులు. నల్లజాతివారి మీద వేసిన పాత నిందలే అందులో కనిపిస్తున్నాయని పాఠకులు ఎత్తిచూపారు. ప్రచురణకర్తలు క్షమాపణ చెప్పి ఆ భాగం తొలగించారు.

బానిసత్వాన్ని నిలబెట్టేవి డబ్బు, చట్టం, కాపలా. పుట్టుక కాదు. మీ పట్టణానికి ఈ ప్రశ్నలు వేసుకోండి: ఏ పని వీళ్లతో చేయిస్తున్నారు? లాభం ఎవరి పెట్టెలోకి పోతోంది? పారిపోతే పట్టుకొచ్చేది ఎవరు, వాళ్లకు జీతమెంత? విడుదలకు దారి ఉందా? ఆఖరి ప్రశ్నకు వచ్చే జవాబులు ఒక్కోచోట ఊహకు అందవు. బానిసలుగా కొన్న సైనికుల నుంచి వచ్చిన మమ్లూకులు 1250 నుంచి 1517 దాకా ఈజిప్టును ఏలారు.

ప్రశ్న: నేను ఆడించేది అచ్చు పుస్తకంలోని ప్రపంచం, అందులో బానిసత్వం ఉంది. నాకు అక్కర్లేదు. తీసేస్తే కథ కూలిపోతుందా?

జవాబు: కూలదు. పాత్‌ఫైండర్ అనే మరో ఆట ప్రచురణకర్తలు పైజో కూడా 2021లో ఈ ఇతివృత్తం నుంచి తప్పుకుంటామన్నారు. విలన్లకు వేరే వ్యాపారం ఇవ్వండి: దొంగ నాణేలు, శాపం తగిలిన ఉప్పు, దోచిన సమాధుల సొత్తు. పేరు మాత్రం మార్చి 'అప్పు కూలీలు' అని పెట్టారో, ఆటగాళ్లు ఐదు నిమిషాల్లో పసిగడతారు.

ప్రశ్న: క్యాంపెయిన్ చివర్లో రాజు బానిసత్వాన్ని రద్దు చేస్తూ శాసనం వేశాడు. ఇక ఆ కథ ముగిసినట్టేనా?

జవాబు: ముగించాలనుకుంటే ముగిసినట్టే, ఆటగాళ్లు సంపాదించుకున్న గెలుపును లాక్కోకండి. కొనసాగించాలంటే మాత్రం శాసనంలోని చిన్న అక్షరాలు చదివించండి. 1833 నాటి బ్రిటిష్ చట్టం యజమానులకు 2 కోట్ల పౌండ్ల పరిహారం కేటాయించింది, బానిసలకు ఏమీ ఇవ్వలేదు. 'అప్రెంటిస్' అన్న పేరుతో వాళ్ల పని 1838 దాకా సాగింది. స్వయంగా పోరాడి 1804లో స్వతంత్రమైన హైతీని ఫ్రాన్స్ 1825లో 15 కోట్ల ఫ్రాంకులు కట్టమంది, 1838లో దాన్ని 9 కోట్లకు తగ్గించింది.

వీటన్నింటికన్నా ఆటకు పదునైనది 1739 నాటి జమైకా ఒప్పందం. బానిసత్వం నుంచి పారిపోయి కొండల్లో స్వేచ్ఛగా బతుకుతున్న మరూన్లకు బ్రిటిష్‌వాళ్లు భూమినీ స్వాతంత్ర్యాన్నీ గుర్తిస్తూ సంతకం పెట్టారు, ఇకమీదట పారిపోయి వచ్చేవాళ్లను తిరిగి అప్పగించాలన్న షరతుతో. మీ ప్రపంచంలో అలాంటి కొండ ఊరి పెద్ద చేతిలో ఆ కాగితం పెట్టండి. బయట వానలో, ఈ రాత్రే తప్పించుకుని వచ్చిన ముగ్గురు తలుపు కొడుతుంటారు. ఊళ్లో మూడొందల మంది నిద్రపోతుంటారు. పెద్ద మీ ఆటగాళ్ల వైపు తిరిగి, "మీరైతే ఏం చేసేవారు?" అని అడుగుతాడు. ఇక్కడ పాచికలు వేయించకండి.