క్రిస్పర్‌తో పరీక్ష చేస్తే మన డీఎన్‌ఏ మారిపోతుందా?

మారదు. క్రిస్పర్ అంటే డీఎన్‌ఏలో కావాల్సిన చోటు వెతికి కత్తిరించే పద్ధతి. కానీ పరీక్షలో దాని ఎంజైమ్ పనిచేసేది మన ఒంట్లో కాదు, ట్యూబులో ఉన్న శాంపిల్ మీద.

క్రిస్పర్‌లో వాడే క్యాస్9 అనే ఎంజైమ్‌కు తనంతట తానుగా ఏ జన్యువు వెతకాలో తెలియదు. దానికి గైడ్ ఆర్‌ఎన్‌ఏ అనే చిన్న పోగు జత చేస్తారు. అందులో సుమారు 20 అక్షరాలు (డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏల్లో వరుసగా ఉండే రసాయన భాగాలను ఇలా అంటారు) వెతకాల్సిన డీఎన్‌ఏ వరుసకు జోడీగా ఉంటాయి. ఆ వరుస దొరికితే ఎంజైమ్ అక్కడ అతుక్కుంటుంది. మామూలుగా ఆ తర్వాత కత్తిరిస్తుంది కూడా. పరీక్షకు కత్తిరించే పని అక్కర్లేదు, కనిపెడితే చాలు. అందుకే కత్తెర లక్షణం తీసేసి, పట్టుకునే లక్షణం మాత్రం ఉంచిన రకాన్ని వాడొచ్చు.

2020లో ఢిల్లీలోని జన్యు పరిశోధన సంస్థ ఐజీఐబీ శాస్త్రవేత్తలు కోవిడ్ కోసం తయారుచేసిన 'ఫెలూదా' పరీక్ష ఇలాంటిదే (సత్యజిత్ రాయ్ డిటెక్టివ్ పేరు, బాగానే కుదిరింది). వైరస్ ఆర్‌ఎన్‌ఏను ముందు డీఎన్‌ఏగా మార్చి, దాని కాపీలు పెంచుతారు. క్యాస్9 దాన్ని పట్టుకుంటే, ప్రెగ్నెన్సీ టెస్టులో లాగా కాగితం పట్టీ మీద గీత కనిపిస్తుంది. అదే బృందం అంతకుముందు సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బుకు కారణమైన జన్యువు మీద పనిచేసింది. మామూలు జన్యువుకూ దానికీ తేడా ఒక్కటంటే ఒక్క అక్షరమే!

క్రిస్పర్ వచ్చింది కాబట్టి ఇక పీసీఆర్ (డీఎన్‌ఏ కాపీలు పెంచే పద్ధతి) అక్కర్లేదని కూడా చాలామంది అనుకుంటారు. అదీ పూర్తిగా నిజం కాదు. ఫెలూదాలో కాపీలు పెంచేది పీసీఆరే. కాపీలు పెరుగుతుండగానే కొలిచే ఖరీదైన రియల్‌టైమ్ పీసీఆర్ యంత్రం అవసరం మాత్రం తప్పుతుంది.