పని మాటల పుస్తకం రాస్తున్న అమ్మాయికి

అమ్మా,

నీ రాతప్రతి అందింది. ఉత్తరంలో 'మాస్టారూ' అని పిలిచావు కాబట్టి చనువుగా నువ్వు అనే రాస్తున్నాను. ఉద్యోగం, బాధ్యతలు, ఆఫీసు పనుల గురించి మాట్లాడేటప్పుడు ఇంగ్లిష్‌లో ఏ మాట పక్కన ఏ మాట వస్తుందో తెలుగువాళ్ళకి నేర్పాలన్న నీ ఆలోచన మంచిది. అవసరమైనదే. కానీ రెండో పాఠంలో 'మీట్ ఎ డెడ్‌లైన్' ఎదురుగా 'గడువును కలుసుకోవడం' అని చూశాక నాకు ఒళ్ళు మండింది. గడువును ఎవరైనా కలుసుకుంటారా? నువ్వు మీ ఇంట్లో ఎప్పుడైనా అలా అన్నావా? గడువులోగా పని పూర్తి చేశాం అంటాం, అంతే. ఎడమ గడిలో ఇంగ్లిష్ పెట్టావు. కుడి గడి ఖాళీగా కనిపించింది. అందులో ఏదో ఒకటి పెట్టాలి కాబట్టి పెట్టావు. నా కోపమంతా ఆ టేబుల్ మీద.

ఇంకో రెండు వరసల కింద 'క్లెయిమ్ రెస్పాన్సిబిలిటీ' అనీ, దానికి 'బాధ్యతను కోరడం' అనీ ఉంది. ఇది ఇంకా ప్రమాదం. ఎక్కడో బాంబు పేలాక, ఆ పని మేమే చేశామని ఏదో ఒక ముఠా ప్రకటించుకుంటుంది చూడు, వార్తల్లో ఎక్కువగా అప్పుడు వినిపించే మాట అది. నీ పాఠం నమ్ముకుని ఎవరో పిల్లవాడు ఇంటర్వ్యూలో 'ఐ వాంట్ టు క్లెయిమ్ రెస్పాన్సిబిలిటీ' అంటే? మాటకి అర్థం రాసిపెట్టావు గానీ, ఆ మాట ఎవరి నోట వస్తుందో చూడలేదు.

ఇంత చిరాకులోనూ నీ కాగితాలు పక్కన పడేయలేకపోయాను. కారణం మూడో పాఠం మొదట్లో మీ అక్క గురించి రాసిన నాలుగు ముక్కలు. ఆమె నర్సు. రాత్రి డ్యూటీ దిగేముందు, తర్వాత వచ్చే నర్సుకి ఏ మంచం మీద ఎవరున్నారో, ఎవరికి ఏ మందు ఎప్పుడు ఇచ్చారో చెప్పాలి. తెలుగులో అయితే గడగడా చెప్పేస్తుంది. ఎదుటి ఆమెకి తెలుగు రాదు. 'ఐ యామ్ గివింగ్ మై డ్యూటీ టు యు' అందట. ఆమెకి అర్థం కాలేదట. పని అంతా వచ్చిన మనిషి, రాత్రంతా నిలబడి చేసిన మనిషి, చెప్పడం దగ్గర ఆగిపోయింది. ఇంత గొప్ప సంగతి రాసి, వెంటనే మళ్ళీ టేబుల్లోకి పరిగెత్తావు. నీ పుస్తకం అక్కడ ఉందమ్మా, ఆ వార్డులో.

ఆ ఒక్క డ్యూటీ మార్పిడినే విప్పి చూద్దాం. మీ అక్క 'వర్క్స్ ద నైట్ షిఫ్ట్'. రాత్రి వచ్చి 'కమ్స్ ఆన్ డ్యూటీ', ఉన్నంతసేపూ 'ఆన్ డ్యూటీ', పొద్దున 'గోస్ ఆఫ్ డ్యూటీ'. వెళ్ళేముందు వివరాలన్నీ చెప్పి 'హ్యాండ్స్ ఓవర్ టు ద నెక్స్ట్ నర్స్'. వచ్చినామె 'టేక్స్ ఓవర్ ఫ్రమ్ హర్'. రావాల్సినామెకి జ్వరం వస్తే ఫోన్ చేసి 'కాల్స్ ఇన్ సిక్'. ఆమె బదులు ఇంకొకరు నిలబడితే 'కవర్స్ హర్ షిఫ్ట్'. ఇద్దరూ ముందే మాట్లాడుకుని మార్చుకుంటే 'స్వాప్ షిఫ్ట్స్'. మనుషులు చాలకపోతే 'వి ఆర్ షార్ట్‌స్టాఫ్డ్ టునైట్'. ఇంట్లో ఉన్నా, పిలిస్తే రావాల్సిన డాక్టరు 'ఆన్ కాల్'. చూశావా, ఇవన్నీ ఒకే వార్డులో, ఒకే గంటలో పుట్టే మాటలు. ఒకటి చెబితే రెండోది దానంతట అదే గుర్తొస్తుంది. నీ టేబుల్లో మాత్రం 'హ్యాండ్ ఓవర్' హెచ్ అక్షరం కింద, 'టేక్ ఓవర్' టి అక్షరం కింద పడ్డాయి. ఒకటి 'టు' తో, ఇంకొకటి 'ఫ్రమ్' తో వస్తాయని ఎవరికి తెలుస్తుంది? ఆ ఇద్దరు నర్సులనీ ఎదురెదురుగా నిలబెట్టి చూపిస్తే చెప్పాల్సిన పనే ఉండదు.

నేను ఏళ్ళ తరబడి ఒకే మాట చెబుతున్నాను, నీకూ అదే చెబుతాను. పని దగ్గర మొదలుపెట్టు. తర్వాత ఆ పనిలో వచ్చే నామవాచకం. క్రియ చిట్టచివర. నీ పుస్తకంలో క్రియ ముందుంది: 'టేక్' కింద ఓ పేజీ, 'మేక్' కింద ఓ పేజీ. మాట్లాడబోయే మనిషి బుర్రలో 'టేక్' ముందు రాదు. లీవు వస్తుంది, డెడ్‌లైన్ వస్తుంది, మిస్టేక్ వస్తుంది. ఆ మాటలు ఇంగ్లిష్‌లోనే వస్తాయి, వాటిని మనం తెలుగులోనూ వాడుతున్నాం కాబట్టి. దాని పక్కన ఏ క్రియ పెట్టాలన్న చోట టెన్షన్ మొదలై, తెలుగు క్రియ దూరుతుంది. సెలవు పెట్టాను అని మనసులో అనుకుంటాడు, 'ఐ పుట్ లీవ్' అంటాడు. తప్పు చేశాను అనుకుంటాడు, 'ఐ డిడ్ ఎ మిస్టేక్' అంటాడు. జాబ్ చేస్తున్నాను అనుకుంటాడు, 'ఐ యామ్ డూయింగ్ జాబ్' అంటాడు. మూడింటిలోనూ నామవాచకం సరిగ్గానే ఉంది. 'టేక్ లీవ్', 'మేక్ ఎ మిస్టేక్', 'హ్యావ్ ఎ జాబ్' అని ఆ మాట పక్కనే కనబడితే చాలు, అతను బయటపడతాడు. అందుకని నీ పుస్తకంలో 'లీవ్' తలుపు తెరిస్తే 'అప్లై ఫర్ లీవ్', 'టేక్ లీవ్', 'ఆన్ లీవ్', 'ఎక్స్‌టెండ్ యువర్ లీవ్' అన్నీ అక్కడే ఉండాలి. 'డెడ్‌లైన్' తెరిస్తే పెట్టేవాడు 'సెట్స్', అందుకునేవాడు 'మీట్స్', తప్పేవాడు 'మిసెస్', బతిమాలితే పొడిగించేవాడు 'ఎక్స్‌టెండ్స్', ఊపిరాడనివ్వనిది 'టైట్ డెడ్‌లైన్'.

పాఠకుణ్ణి భయపెట్టకు. ఈ విద్య అతనికి పుట్టుకతో తెలుసని చెప్పు. మనం డ్యూటీ ఎక్కుతాం, దిగుతాం. బాధ్యత నెత్తినేసుకుంటాం, తప్పించుకుంటాం. మాట ఇస్తాం, నిలబెట్టుకుంటాం. సెలవు ఎందుకు పెడతాం, ఎందుకు వెయ్యం అని ఏ పిల్లాడూ అమ్మని అడగలేదు. విన్నాడు, అన్నాడు. ఇంగ్లిష్ వాళ్ళదీ అదే దారి.

'మేక్', 'డూ' మధ్య తేడాకి నువ్వో సూత్రం రాశావు: కొత్తగా తయారైతే 'మేక్', పని అయితే 'డూ' అని. ఆ సూత్రం తీసెయ్. 'మేక్ ఎ లిస్ట్', 'డూ ద పేపర్‌వర్క్' దాకా అది నిలబడుతుంది. 'మేక్ ఎన్ ఎఫర్ట్' దగ్గర, 'మేక్ ప్రోగ్రెస్' దగ్గర, 'మేక్ ఎ ఫోన్ కాల్' దగ్గర ఏం తయారైందని చెబుతావు? మనకి రెండింటికీ 'చేయు' ఒక్కటే కాబట్టి సూత్రం కోసం చెయ్యి చాస్తాం. సూత్రం నమ్ముకున్నవాడు నోరు తెరిచే ముందు ఆగి ఆలోచిస్తాడు. మాటని దాని జోడీతో కలిపి విన్నవాడు ఆగడు.

మాటల్ని ఇలా జోడీలుగా నేర్పడం ఈమధ్య వచ్చిన వేలంవెర్రి అని ఒక సంపాదకుడు నా మొహం మీదే అన్నాడు. కానీ హెరాల్డ్ పామర్ అనే ఇంగ్లిష్ మాస్టారు జపాన్ వెళ్ళి, అక్కడి విద్యార్థుల కోసం ఇలాంటి పదాల జోడీలు పోగుచేసి టోక్యోలో నివేదిక వేసింది 1933లో. మాట సంగతి దాని సావాసాన్ని బట్టి తెలుస్తుందన్న అర్థంలో జె.ఆర్.ఫర్త్ అనే ఇంగ్లండ్ భాషా పండితుడు రాసింది అచ్చయింది 1957లో. తర్వాత ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో జాన్ సింక్లెయిర్ అనే ప్రొఫెసర్ బృందం, వాడుకలో ఉన్న లక్షల లక్షల మాటల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి, మాట ఏ మాట పక్కన ఎన్నిసార్లు వస్తుందో చూసి, 1987లో నిఘంటువు తెచ్చింది. మనం ఒక్కో మాటా ఏరి వాక్యం కట్టుకోమనీ, చాలావరకు ముందే కలిసి ఉన్న ముక్కల్నే వాడుకుంటామనీ సింక్లెయిర్ తేల్చి చెప్పాడు. 'టేక్', 'మేక్' లాంటివి ఎక్కువసార్లు సొంత అర్థం వదిలేసి పక్క మాట అర్థాన్నే మోస్తాయని కూడా చూపించాడు. అందుకే 'టేక్' అంటే తీసుకోవడం అని రాసినకొద్దీ నీ పాఠకుడు దారి తప్పుతాడు.

ఆ సంపాదకుడి సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నాను. అప్పట్లో ఒక ఆఫీసులో ఉత్తరాలు రాసిపెట్టే గుమాస్తాని. సాయంత్రం అందరూ వెళ్ళాక పాత ఫైళ్ళు విప్పి, వాక్యానికి వాక్యం చీటీల మీద ఎక్కించుకునేవాణ్ణి. పైన నామవాచకం, కింద పూర్తి వాక్యం, దాని కింద ఎవరు ఎవరికి రాశారో. ఆ చీటీలే శీర్షికగా రాసి ఒక వారపత్రికకి ఇచ్చాను. అచ్చయ్యాక చూస్తే వాక్యాలన్నీ ఎగిరిపోయాయి. మాట, అర్థం, మాట, అర్థం, అంతే మిగిలింది. వెళ్ళి అడిగితే 'పాఠకుడికి అంత ఓపిక ఉండదండీ' అన్నాడు. ఆ ముక్క తర్వాత చాలామంది నోట విన్నాను. ఎప్పుడు విన్నా అంతే బాధ. రేపు ఇంటర్వ్యూ ఉన్న మనిషికి ఓపిక లేకపోవడమేమిటి? అతనికున్నంత ఓపిక ఎవరికుంటుంది? ఆ పత్రికకి మళ్ళీ రాయలేదు. చీటీలు పట్టుకుని రాత్రి క్లాసుల్లో పాఠం చెప్పుకున్నాను.

అక్కడే ఒక సెక్యూరిటీ గార్డు లేచి, 'సార్, మా సూపర్‌వైజర్ రాని రోజుల్లో ఆయన పని కూడా నేనే చూశాను, అది ఎట్లా చెప్పాలి?' అన్నాడు. 'ఐ ఫిల్డ్ ఇన్ ఫర్ మై సూపర్‌వైజర్'. రెండుసార్లు అన్నాడు, మూడోసారి తన సూపర్‌వైజర్ పేరు పెట్టి అన్నాడు. అతనికి కావాల్సింది ఆ ఒక్క వాక్యం. వంద జోడీల జాబితాలో అది ఉన్నా, తన పనిదని అతనికి తెలిసేది కాదు.

ఇప్పుడింకో ఫ్యాషన్ వచ్చింది. అరనిమిషం వీడియోలో 'ఇది అనకండి, ఇది అనండి' అని వేలు చూపించడం. మామూలు మాట అన్నందుకు మనిషిని సిగ్గుపడేలా చేయడం నేర్పడమా? నీ మొదటి పాఠంలోనూ ఆ గాలి తగిలింది. 'బర్న్ ద మిడ్‌నైట్ ఆయిల్' అట. ఆఫీసులో పొద్దుపోయేదాకా ఉన్నవాళ్ళు 'ఐ స్టేడ్ లేట్', 'ఐ వర్క్డ్ లేట్' అంటారు. అది నేర్పు. అలాగే 'డిశ్చార్జ్ యువర్ డ్యూటీస్' నియామక ఉత్తర్వుల భాష. 'క్యారీ అవుట్' కొంచెం తేలిక. బయోడేటాలో 'మై డ్యూటీస్ ఇంక్లూడెడ్' అని రాసుకోవచ్చు. పక్కసీటు మనిషి నువ్వేం చేస్తావని అడిగితే మాత్రం 'ఐ లుక్ ఆఫ్టర్ పేరోల్', 'ఐ హ్యాండిల్ కంప్లెయింట్స్', 'ఐ యామ్ ఇన్‌చార్జ్ ఆఫ్ ద స్టోర్' అంటారు. నువ్వు వీటన్నిటికీ 'విధులు నిర్వర్తించుట' అని ఒకే అర్థం రాశావు.

'రెస్పాన్సిబిలిటీ' దగ్గర ఇంకాస్త ఆగు, అక్కడ మనుషులు నిజంగా నష్టపోతారు. 'ఐ విల్ టేక్ ఆన్ ద మంత్లీ రిపోర్ట్' అంటే కొత్త పని భుజానికెత్తుకున్నట్టు. 'ఐ టేక్ రెస్పాన్సిబిలిటీ ఫర్ ద డిలే' అంటే ఆలస్యానికి జవాబుదారీ నేనే అని ఒప్పుకున్నట్టు. ఒక కుర్రాడు ఇంకొకరి ఆలస్యాన్ని సర్దిపెడతానని చెప్పబోయి రెండోది ఈమెయిల్‌లో రాశాడు. మేనేజరు దాన్ని దాచిపెట్టుకున్నాడు. 'రెస్పాన్సిబుల్ ఫర్' వెనక పని వస్తుంది, 'రెస్పాన్సిబుల్ టు' వెనక పై అధికారి వస్తాడు. ఇవి రెండు పేజీల పాఠం. నీ దగ్గర రెండు వరసలు.

ప్రచురణకర్తల గురించి, పుస్తకం వెల గురించి, బ్రిటిష్ వాడుకా అమెరికన్ వాడుకా అన్నదాని గురించి అడిగావు. వాటికి ఇప్పుడు తొందరేం లేదు.

నీ పథకంలో లేని పాఠం ఒకటుంది, అది ముందు రాయి. ఉద్యోగం పోవడం. మనం 'ఉద్యోగం పోయింది' అని ఒక్క ముక్కలో అనేస్తాం. ఇంగ్లిష్‌లో ఎలా పోయిందో చెప్పాలి. కంపెనీలో పని తగ్గి మనుషుల్ని తగ్గించుకుంటే 'ఐ వాజ్ లెయిడ్ ఆఫ్'. బ్రిటన్‌లో 'ఐ వాజ్ మేడ్ రిడండెంట్'. అందులో నీ తప్పేమీ లేదు. 'ఐ వాజ్ ఫైర్డ్' అంటే మాత్రం, నీ పనితీరో ప్రవర్తనో నచ్చక తీసేశారని వినేవాడికి అర్థమవుతుంది. గడువు తీరిన కాంట్రాక్టు అయితే 'మై కాంట్రాక్ట్ ఎండెడ్'. తనంతట తాను మానేస్తే 'ఐ రిజైన్డ్', 'ఐ హ్యాండెడ్ ఇన్ మై నోటీస్'. సగం ఆఫీసు ఖాళీ చేసిన చోట నుంచి వచ్చినవాళ్ళు కూడా ఇంటర్వ్యూలో 'దే ఫైర్డ్ మీ' అనడం నా చెవులతో విన్నాను. చేయని తప్పు మీద వేసుకుని బయటికొచ్చారు. ఎదుటివాళ్ళు అడిగే 'వై డిడ్ యు లీవ్ యువర్ లాస్ట్ జాబ్?' అన్న ప్రశ్నతో పాఠం మొదలుపెట్టు. నలుగురు మనుషుల్ని తీసుకో, నలుగురికీ ఉద్యోగం వేరువేరుగా పోవాలి, నలుగురూ పూర్తి వాక్యాల్లో జవాబు చెప్పాలి. రాసి పంపు, చూస్తాను. పాత పాఠాలు ఆ తర్వాత తిరగరాద్దువు గాని.

మీ మాస్టారు