హార్బర్ బొమ్మ వేస్తానన్నావు కదా, ముందు డెరాన్‌ని సరిగ్గా చూడు

అమ్మడూ,

నీ మెసేజ్ చూశా, ఆండ్రే డెరాన్ అనే ఫ్రెంచ్ పెయింటర్ కొలియూర్ రేవులో వేసిన పడవలు చూసి మనసు పారేసుకున్నా, నేనూ ఒక హార్బర్ అలాగే వేస్తా మావయ్యా అన్నావు. వెయ్యి తల్లీ, కానీ ముందు నా మాట విను. చాలామంది పడవకి ఎరుపు ఆకాశానికి పచ్చ, ఏది చేతికొస్తే అది పూసేసి ఎక్స్‌ప్రెషన్ అంటారు, నాకైతే అది చూస్తే ఒళ్ళు మండుద్ది.

ఆయన అలా చెయ్యలేదు. 1905 ఎండాకాలంలో తోటి పెయింటర్ మతీస్ పిలిస్తే స్పెయిన్ బోర్డర్ దగ్గరున్న ఆ కొలియూర్ అనే ఫ్రెంచ్ చేపల రేవుకి వెళ్ళాడు, అప్పటికి పాతికేళ్ళవాడు. అక్కడి ఎండ చూసి ఫ్రెండ్ వ్లామింక్‌కి లెటర్ రాశాడు, వెలుగంటే నీడే లేకపోవడం అన్నట్టు. బొమ్మంతా దాని మీదే నిలబడింది. అందుకే నువ్వు నలుపు, గోధుమ ట్యూబులు పక్కన పెట్టెయ్, నీడ పడిన చోట నీలమో వంకాయ రంగో పెట్టు, దాన్ని ఆనుకుని ఎండలో ఆరెంజ్ పెట్టు, రెండూ ఒకదాన్నొకటి రెచ్చగొడతాయి.

నీళ్ళ దగ్గర తొందరపడకు. ఆయన నీళ్ళు దగ్గర్నుంచి చూడు, అన్నీ విడివిడి ముక్కలే, మధ్యమధ్యలో కాన్వాస్ తెల్లగా అలాగే వదిలేశాడు, తళుకంతా ఆ తెలుపుదే. మనకేమో ఖాళీ కనబడితే చెయ్యి ఊరుకోదు, పూడ్చేస్తాం, ఇక నీళ్ళు చచ్చిపోతాయి. ఒక స్ట్రోక్ పెట్టాక బ్రష్ తుడుచుకో, లేకపోతే అంతా బురదే. (ఆ ముక్కల పద్ధతి సిన్యాక్ అనే పెయింటర్ వాళ్ళది, మతీస్ అంతకుముందు ఏడాది ఎండాకాలం ఆయన దగ్గరే ఉన్నాడు, కానీ డెరాన్, మతీస్ ఆ సిన్యాక్ వాళ్ళ రంగుల లెక్కలకి కట్టుబడలేదు.)

డ్రాయింగ్ మాత్రం గట్టిగా ఉండాలి. తెరచాప కొయ్య ఎటు వాలింది, పడవ ముక్కు ఎక్కడ నీళ్ళని తాకింది, ఇవి కుదిరితే రంగు ఎంత పిచ్చిగా వేసినా కన్ను నమ్ముద్ది.

నీడ తీసేస్తే మరి లోతెలా వస్తుందంటావేమో, దానికి 1906లో వేసిన ద పూల్ ఆఫ్ లండన్ చూడు, టేట్ మ్యూజియంలో ఉంది. వొలార్ అనే డీలర్ పంపితే వెళ్ళి వేశాడు. ముందున్న ఓడ పెద్దగా, ఘాటైన రంగుల్లో ఉంటుంది, వెనక టవర్ బ్రిడ్జ్ చల్లగా చిన్నగా ఉంటుంది, లోతు ఆ తేడాలోంచే వస్తుంది.

చిన్న కాన్వాస్‌తోనే మొదలుపెట్టు. ఫోటో పంపు, దిద్దాక కాదు, దిద్దకముందే.

మీ మావయ్య