ఊసరవెల్లిని ఇంట్లో పెంచుకుంటే కేసవుతుందా?

ప్రశ్న: మాది మైదుకూరు దగ్గర పల్లె. తొమ్మిది రోజుల కిందట మా పదమూడేళ్ల అబ్బాయి చేని గట్టు మీద కనబడిన ఊసరవెల్లిని ఇంటికి తెచ్చాడు. కోళ్ల గంప కింద పెట్టి మిడతలు వేస్తున్నాడు. వాడు తీసిన వీడియో చూసి పక్కింటాయన 'ఫారెస్టోళ్లకు తెలిస్తే కేసే' అంటున్నాడు. మా తమ్ముడేమో బెంగళూరులో విదేశీ ఊసరవెల్లి కొనిస్తానని, దానికి ఏ కేసూ ఉండదని అంటున్నాడు. నాకు ఒకటే టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?
– ఒక తల్లి, కడప జిల్లా

సమాధానం: అమ్మా, మీ పక్కింటాయన చెప్పింది నిజమే. అయితే ముందు అది ఊసరవెల్లో తొండో చూసుకోండి. మన వైపు రెంటినీ ఒకటే అనుకునేవాళ్లు చాలామంది. ఊసరవెల్లి వేళ్లు పట్టకారులా రెండు పాయలై కొమ్మను పట్టుకుంటాయి. తోక చుట్టచుట్టుకుంటుంది. ఒక కన్ను మిమ్మల్ని చూస్తుంటే రెండోది మిడతను వెతుకుతుంటుంది.

ఊసరవెల్లే అయితే అది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవి. ఈ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు, పట్టుకోవడం కూడా వేటే. ముద్దుగా సాకుతున్నామన్నా చట్టం ఒప్పుకోదు. అలా పట్టి ఉంచిన జీవి 39వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ ఆస్తి. చేతికి వచ్చిన 48 గంటల్లోపు దగ్గరలోని పోలీస్ స్టేషన్‌కో అధీకృత అటవీ అధికారికో చెప్పాలి. శిక్ష సాధారణంగా మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. చట్టం ఎక్కువ రక్షణ ఇచ్చే జాబితా అయిన మొదటి షెడ్యూల్‌లోని జీవులకైతే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు జైలు, దాంతోపాటు జరిమానా.

48 గంటలు ఎప్పుడో దాటిపోయాయి కదా అని భయపడి ఊరుకోవద్దు. రాత్రికి రాత్రి ఎక్కడో వదిలేసి రావద్దు. వీడియో ఉంది, చూసినవాళ్లున్నారు, దాచినట్టు కనబడితే మీకే నష్టం. వీడియో చెరపకండి, ఇంకెవరికీ పంపకండి. ఈరోజే అటవీ రేంజ్ ఆఫీసుకు వెళ్లండి. ఎప్పుడు, ఏ గట్టు మీద దొరికిందో, ఇన్నాళ్లూ ఏం పెట్టారో అర్జీ రాసి, రెండో కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. కేసు పెట్టరని నేను మాట ఇవ్వలేను. కానీ తల్లి తనంతట తానే వచ్చి అప్పగించడానికీ, తనిఖీలో పట్టుబడడానికీ చాలా తేడా ఉంటుంది.

తీసుకెళ్లేటప్పుడు గాలి ఆడే అట్టపెట్టెలో చిన్న కొమ్మ పెట్టి దాని మీద ఎక్కించండి. గిన్నెలో నీళ్లు పెడితే చాలాసార్లు తాగదు. ఆకుల మీద చిలకరిస్తే ఆ చుక్కలు నాకుతుంది. ఒళ్లు నల్లబడిందంటే చాలావరకు బెదిరినట్టే, మాటిమాటికీ పట్టుకోవద్దు. పొట్ట ఉబ్బి ఉంటే ఆ మాట అధికారికి తప్పక చెప్పండి. చెట్టు మీదుండే ఈ జీవి నేలకు దిగేది ఎక్కువగా మట్టి తవ్వి గుడ్లు పెట్టడానికే. మీ గట్టు మీదికి అది అందుకే వచ్చి ఉండవచ్చు. గంప కింద దానికి ఆ మట్టి దొరకదు. నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే.

ఇక మీ తమ్ముడి మాట. యెమెన్, సౌదీ వైపు నుంచి వచ్చే వీల్డ్ ఊసరవెల్లి, మడగాస్కర్ పాంథర్ ఊసరవెల్లి వన్యజీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి. వన్యప్రాణి చట్టానికి 2022లో చేసిన సవరణ, 2024 నిబంధనల ప్రకారం అలాంటి జీవిని పెంచేవాళ్లు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. పిల్లలు పుట్టినా, చచ్చిపోయినా, చేతులు మారినా తెలియజేయాలి. అమ్మేవాడు దిగుమతి కాగితాలు చూపలేకపోతే అది దొంగ సరుకే కావచ్చు, అప్పుడు కస్టమ్స్ చట్టం కూడా మెడకు చుట్టుకుంటుంది. కొనవద్దని చెప్పండి.

బాబును తిట్టకండి, తొమ్మిది రోజులు మిడతలు పట్టి సాకాడు. దాన్ని మళ్లీ ఆ గట్టు దగ్గరే వదులుతామని అధికారి అంటే, వాణ్ణి కూడా రానివ్వమని అడగండి.