భుజం మీద విమానం టాటూ: ఎయిర్‌ఫోర్స్‌కి ఇబ్బందా?

రాజోలు తమ్ముడూ, ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) పరీక్ష రాసి పైలట్ అవ్వాలని ఉందని, ఈలోగా భుజం మీద విమానం టాటూ వేయించుకుంటే చొక్కా కింద కనపడదు కదా అని అడిగారు. దయచేసి ఆగండి.

చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. ఎయిర్‌ఫోర్స్ నియమం కనపడటం, కనపడకపోవడం గురించి కాదండి. మోచేతి లోపలి వైపు నుంచి మణికట్టు దాకా, అరచేతి వెనక వైపు మాత్రమే శాశ్వత టాటూని ఒప్పుకుంటారు. భుజం, ఛాతీ, వీపు కుదరవు. తమ ఆచారం ప్రకారం పచ్చబొట్లు ఉన్న గిరిజనులకు మినహాయింపు ఉంది. ఒప్పుకున్న చోట ఉన్నా, చివరి మాట సెలక్షన్ సెంటర్‌దే.

ప్రైవేటు విమాన సంస్థల్లో లెక్క దాదాపు తిరగబడుతుంది. యూనిఫాం హాఫ్ చేతుల చొక్కా కాబట్టి ముంజేతి మీద బొమ్మే అక్కడ ఇబ్బంది. రెండు దారులూ తెరిచి ఉండాలంటే ఇప్పుడు ఏమీ వేయించుకోకపోవడమే మంచిది. తర్వాత లేజర్‌తో తీయించుకోవచ్చనుకోకండి, చాలా సిట్టింగులు పడతాయి. నల్ల రంగు కాస్త నయం, ఆకుపచ్చ, పసుపు మొండివి.

అంతర్వేది తీర్థంలో వేయించుకుంటానన్నారు, అది అసలే వద్దు. ఒకే సూది పదిమందికి వాడితే హెపటైటిస్ బి, సి అంటుకుంటాయి.

ఉద్యోగంలో చేరాక అక్కడి రూల్స్ చూసి, మొదటిసారి ఒంటరిగా ఎగిరిన రన్‌వే నంబరు వేయించుకోండి. ఆ అంకె రన్‌వే దిక్కుని డిగ్రీల్లో దగ్గరి పదికి సవరించి, చివరి సున్నా తీసేసినది. 090 అయితే 09. నాకైతే విమానం బొమ్మకన్నా అదే అందం.