కంటికి ప్రమాదం జరిగినప్పుడు: పాఠకుల ప్రశ్నలు, నేత్రవైద్యుని జవాబులు

ప్రశ్న: మా అత్తగారికి తాంబూలం అలవాటు. మా నాలుగేళ్ళ బాబు ఆవిడ సున్నం ప్యాకెట్‌ను గట్టిగా నొక్కితే అది చిట్లి వాడి కుడికంట్లో పడింది. సున్నం మీద నీళ్ళు పోస్తే పొంగి ఇంకా కాలుతుందని పెద్దవాళ్ళు కడగనివ్వలేదు. ఆముదం వేసి, గంట తరవాత ఆసుపత్రికి తీసుకెళ్ళాం. కన్ను ఎర్రబడలేదు, తెల్లగానే ఉందని మేము ధైర్యంగా ఉన్నాం కాని, డాక్టరుగారు దెబ్బ పెద్దదేనన్నారు. ఇలాంటప్పుడు ఏం చేయాలి? బాబుకు చూపు వస్తుందా?
- ఒక తల్లి, గుంటూరు జిల్లా

జవాబు: అమ్మా, పెద్దవాళ్ళను తప్పుపట్టకండి. గోడలకు వేసే పొడిసున్నం మీద నీళ్ళు పోస్తే అది కుతకుతలాడుతూ వేడెక్కడం చూసినవాళ్ళకు ఆ భయం సహజం. అయితే తాంబూలంలోకి వాడేది అప్పటికే నీటితో కలిసిపోయిన తడిసున్నం కాబట్టి, దానిమీద ఎన్ని నీళ్ళు పోసినా కొత్తగా వేడి పుట్టదు. ఒకవేళ పడింది పొడిసున్నమే అయినా, రెప్పల మీదా బుగ్గ మీదా ఉన్న పొడిని పొడిగుడ్డతో దులిపి, వెంటనే ధారాళంగా నీళ్ళు పోయవలసిందే.

సున్నం క్షారం. ఆమ్లం పడినచోట కంటి పైపొరలోని మాంసకృత్తులు గడ్డకట్టి, ఆ గడ్డే లోపలికి పోకుండా కొంతవరకు అడ్డుపడుతుంది. క్షారానికి ఆ అడ్డు ఉండదు. అది కణాల గోడల్లోని కొవ్వును కరిగించుకుంటూ లోలోపలికి దిగిపోతుంది. అందుకే ఆసుపత్రి ఎంత దగ్గరగా ఉన్నా, ముందు ఇంట్లోనే కడగాలి. పిల్లవాణ్ణి దుప్పటిలో చేతులతో సహా చుట్టి పడుకోబెట్టి, దెబ్బతిన్న కన్ను కిందివైపుకు వచ్చేలా తల పక్కకు వంచి, రెప్పలు వేళ్ళతో విడదీసి పట్టుకుని, ముక్కువైపు నుంచి చెవివైపుకు మంచినీటిని సన్నని ధారగా, కనీసం అరగంట ఆపకుండా పోయాలి. బాబు గుక్కపట్టి ఏడుస్తాడు, చూసేవాళ్ళు చాలు ఆపమంటారు, ఆపకూడదు. కుళాయి నీళ్ళయినా, బిందెలో తాగే నీళ్ళయినా సరే. ఆముదం, చనుబాలు, ఆకు పసరు వద్దు. క్షారానికి విరుగుడని నిమ్మరసం అసలే వద్దు.

ఆసుపత్రిలో పైరెప్పను తిరగేసి, దాని వెనుక ఇరుక్కున్న సున్నపు రేణువులను దూదిపుల్లతో తుడిచి తీస్తారు. ఒక్క రేణువు మిగిలినా అది కరుగుతూ కంటిని కాలుస్తూనే ఉంటుంది. క్షారం పోయిందో లేదో పరీక్ష కాగితంతో చూసుకుంటూ, అవసరమైనంతసేపు మళ్ళీ కడుగుతారు.

కన్ను తెల్లగా ఉండటమే మిమ్మల్ని మోసం చేసింది. నల్లగుడ్డు అంచు చుట్టూ ఉండే సన్నని రక్తనాళాలు కాలిపోతే కన్ను ఎర్రబడదు, పాలిపోతుంది. ఈ కాలిన గాయాల్లో ఎర్రని కన్నుకంటే పాలిపోయిన కన్నే మాకు ఎక్కువ ఆందోళన కలిగిస్తుంది. నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొరను ఎప్పటికప్పుడు పునరుద్ధరించే మూలకణాలు ఆ అంచులోనే ఉంటాయి. బాబుకు ఎంత చూపు వస్తుందనేది అవి ఎంతవరకు మిగిలాయన్నదానిమీద ఆధారపడుతుంది కాబట్టి, పరీక్షించకుండా నేను మాట ఇవ్వలేను. అయినా ఆశ వదులుకోకండి. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వైద్యులు 2012లో ప్రకటించిన ఒక శస్త్రచికిత్సలో, బాగున్న రెండో కంటి అంచు నుంచి అతిచిన్న ముక్క తీసి, దాన్ని మరింత చిన్నవిగా చేసి దెబ్బతిన్న కంటి మీద అతికిస్తారు. అది అవసరమో కాదో, ఎప్పుడు చేయాలో మీ వైద్యులే నిర్ణయిస్తారు. ఈలోగా చుక్కల మందులు ఒక్కపూట కూడా మానవద్దు.

ప్రశ్న: వరి నూర్పిళ్ళలో నా భర్త కంటికి గడ్డిపోచ తగిలింది. కళ్ళకలక అనుకుని మందులషాపులో చుక్కలు తెచ్చి వేశాం. రెండురోజులు హాయిగా ఉందన్నారు. ఇప్పుడు వెలుతురు చూడలేకపోతున్నారు, నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ కనిపిస్తోంది.
- ఒక పాఠకురాలు, నల్గొండ జిల్లా

జవాబు: ఈ పత్రిక చదివిన రోజే నేత్రవైద్యుని దగ్గరకు వెళ్ళండి, వేసిన చుక్కల సీసాను కూడా వెంట తీసుకెళ్ళండి. గడ్డి, ఆకు, ఊక వంటివి గీరుకున్న చోట బూజు జాతి క్రిములు చేరి పుండు పడటం దక్షిణ భారతంలో సేద్యం చేసేవారిలో తరచుగా చూస్తాం. షాపుల్లో అడగగానే ఇచ్చే చుక్కల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. అది ఎరుపునూ నొప్పినీ తగ్గించి హాయినిస్తుంది, అదే సమయంలో శరీరం క్రిమితో చేసే పోరాటాన్ని దెబ్బతీసి పుండును లోతుకు పోనిస్తుంది. రెండురోజుల ఉపశమనం బహుశా అదే. వైద్యులు పుండును కొద్దిగా గీకి సూక్ష్మదర్శినిలో చూస్తారు. బూజు అని తేలితే నాటమైసిన్ వంటి చుక్కలు మొదట గంటగంటకూ, ఆ తరవాత వారాల తరబడి వేయవలసి వస్తుంది. ఆలస్యమైతే పుండు మానినా కంట్లో పువ్వు మిగిలిపోతుంది, లేదా గుడ్డుకు రంధ్రం పడుతుంది. నూర్పిళ్ళప్పుడు కళ్ళను కప్పే మామూలు ప్లాస్టిక్ అద్దాలు పెట్టుకుంటే ఇలాంటి గాయాలను చాలావరకు తప్పించుకోవచ్చు. ఈ ఖర్చుకు మన రైతుకుటుంబాలు వెనుకాడకూడదని నా కోరిక.

పుల్లగాని ఇనుపముక్కగాని కంట్లో గుచ్చుకుని ఉంటే మాత్రం పద్ధతి వేరు. దాన్ని పీకకూడదు, కడగకూడదు, కన్ను నొక్కకూడదు. కాగితపు కప్పు అడుగుభాగాన్ని కంటికి తగలకుండా ఎముక మీద ఆనేలా బోర్లించి అంటించి, శస్త్రచికిత్స అవసరం కావచ్చు కనుక ఏమీ తినకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్ళు, దూరపు చూపుకు మందపాటి కళ్ళద్దాలు వాడతారు. నిన్నటి నుంచి ఎడమకంట్లో మెరుపులు, నల్లటి చుక్కలు, ఒక పక్క తెర దిగినట్టు నీడ కనిపిస్తున్నాయంటున్నారు. నొప్పి లేదు కాబట్టి పండుగ అయ్యాక వెళ్దామంటున్నారు.
- ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: పండుగదాకా ఆగవద్దు, ఈ రోజే తీసుకెళ్ళండి. ఇవి కంటి లోపల వెనుకవైపు ఉండే, వెలుతురును గ్రహించే రెటీనా అనే పొర ఊడుతోందనడానికి గుర్తులు. దానికి నొప్పి ఉండదు. నీడ చూపు మధ్యభాగానికి చేరకముందే శస్త్రచికిత్స చేస్తే స్పష్టమైన చూపు నిలిచే అవకాశం చాలా ఎక్కువ. నొప్పి లేకుండా ఒక కంటి చూపు ఉన్నట్టుండి పూర్తిగా పోతే అది కంటికి వచ్చిన పక్షవాతం వంటిది కావచ్చు కాబట్టి, ఏమాత్రం ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేసి పక్షవాతానికి చికిత్స చేసే పెద్దాసుపత్రికి చేర్చాలి. కన్ను ఎర్రబడి, తలనొప్పీ వాంతులూ వచ్చి, దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తే అది నీటికాసులు (కంటి లోపలి ఒత్తిడి పెరిగే గ్లాకోమా జబ్బు) ఒక్కసారిగా విజృంభించడం కావచ్చు. దాన్ని పార్శ్వపునొప్పి అనుకుని మాత్ర వేసుకుని పడుకున్నవారు ఎందరో చూపు పోగొట్టుకున్నారు. మీ నాన్నగారిని స్వయంగా బండి నడపనివ్వకండి. ఆయన వాడే మందుల చీటీలన్నీ వెంట ఉంచుకోండి.