డబ్బా మీది 6000, తెర మీది 4800

చి. కార్తీక్‌కు,

కొత్త పీసీ బిగించుకున్నావని, ర్యామ్ డబ్బా మీద వేగం 6000 అని ఉంటే విండోస్ టాస్క్ మేనేజర్‌లో 4800 చూపిస్తోందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కి వెళ్లి షాపువాడితో తేల్చుకుంటానన్నావట. ముందు ఆ పని మానుకో. ర్యామ్ స్టిక్ నకిలీది కాదు, షాపువాడి తప్పూ లేదు.

ఏ మదర్‌బోర్డులో పెట్టినా ర్యామ్ మొదట జెడెక్ (మెమరీ ప్రమాణాలు నిర్ణయించే సంస్థ) ప్రమాణంలోని వేగంతోనే లేస్తుంది. నీ స్టిక్‌లకు అది 4800. ఆ 6000 అనేది తయారీ కంపెనీ పరీక్షించి, స్టిక్ మీదున్న చిన్న చిప్‌లో విడిగా రాసిపెట్టిన ప్రొఫైల్, అంటే సెట్టింగుల జాబితా. ఏఎమ్‌డీ వాళ్లు దాన్ని ఎక్స్‌పో అంటారు, ఇంటెల్ వాళ్లు ఎక్స్‌ఎంపీ అంటారు. నువ్వు ఆన్ చేసేదాకా బోర్డు దాని జోలికి పోదు. పైగా నీ ప్రాసెసర్ రైజెన్ 5 7600కి ఏఎమ్‌డీ అధికారికంగా ఒప్పుకున్న వేగం 5200 దాకానే. అంటే 6000 ఓవర్‌క్లాక్ (అధికారిక వేగం మించి నడపడం) కిందే లెక్క. మామూలుగా నడుస్తుంది, కానీ ప్రతి చిప్పూ మోస్తుందని ఎవరూ రాసివ్వరు.

ముందు క్యాబినెట్ తలుపు తీసి స్లాట్లు చూడు. నాలుగు స్లాట్లున్న బోర్డులో రెండు స్టిక్‌లు ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండోదానిలో, నాలుగోదానిలో ఉండాలి. బోర్డు మీద ఏ2, బీ2 అని అచ్చు వేసి ఉంటుంది. మొదటి, మూడో స్లాట్లలో పెడితే వాటి అవతల ఖాళీ స్లాటు దాకా పోయిన తీగల నుంచి సిగ్నల్ వెనక్కి కొడుతుంది; 4800 దగ్గర అది తెలియదు, 6000 దగ్గర బయటపడుతుంది. మొదటి రెండిట్లోనో చివరి రెండిట్లోనో పక్కపక్కన గుచ్చితే ఇంకా నష్టం, ర్యామ్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య డేటా పోయే రెండు దారుల (చానెళ్ల) బదులు ఒక్కటే పనిచేస్తుంది.

తర్వాత బయోస్ (పీసీని లేపే, బోర్డులోని సాఫ్ట్‌వేర్) కొత్త వెర్షన్ వేయి. నీలాంటి బీ650 బోర్డులతో మొదట్లో వచ్చిన బయోస్‌లు ర్యామ్ విషయంలో కాస్త పచ్చివి. బోర్డు కంపెనీ సైట్ నుంచి నీ మోడల్ ఫైలే దించి, ఎఫ్ఏటీ32లో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో వేసుకో. విండోస్‌లో డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే రికవరీ కీ ముందే రాసిపెట్టుకో, అప్‌డేట్ అయ్యాక అడగొచ్చు. యూపీఎస్ లేకుండా మాత్రం మొదలుపెట్టకు. వానాకాలం సాయంత్రం మీ కూకట్‌పల్లిలో కరెంటు ఎప్పుడు పోతుందో నీకే తెలుసు.

ఇప్పుడు అసలు పని. ఆన్ అవుతుండగా డిలీట్ కీ నొక్కుతూ ఉంటే బయోస్ తెరుచుకుంటుంది. ఎక్స్‌పో ప్రొఫైల్ 1 ఎంచుకుని ఎఫ్10తో సేవ్ చెయ్. మిగతావేవీ ముట్టుకోకు. రీస్టార్ట్ అయ్యాక తెర నల్లగా ఉండిపోతుంది, బోర్డు మీద డీర్యామ్ అని రాసిన చోట చిన్న లైటు వెలుగుతూ ఉంటుంది. చాలామంది కంగారుపడేది ఇక్కడే. బోర్డు కొత్త వేగానికి సిగ్నళ్ల టైమింగ్ సరిచూసుకుంటోంది, దాన్ని మెమరీ ట్రైనింగ్ అంటారు. కొన్ని నిమిషాలు పట్టొచ్చు. మధ్యలో దానంతటదే ఆగి మళ్లీ లేవొచ్చు కూడా. పావుగంట దాకా పవర్ బటన్ మీద చెయ్యి వేయకు.

అప్పటికీ లేవకపోతే కరెంటు ప్లగ్ తీసి, బయోస్ సెట్టింగులు చెరిపే, క్లియర్ సీమాస్ అని ఉన్న రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ మొనతో పది సెకన్లు కలుపు. పిన్నులు దొరక్కపోతే బోర్డు మీది గుండ్రటి సీఆర్2032 బ్యాటరీ తీసి ఐదు నిమిషాలాగి పెట్టు. మళ్లీ 4800కి వచ్చేస్తుంది, ఏమీ చెడిపోదు.

లేచాక టాస్క్ మేనేజర్‌లో 6000 కనిపించాలి. పీసీ భాగాల వివరాలు చూపే సీపీయూ-జెడ్ ప్రోగ్రామ్‌లో చూస్తే 3000 అని ఉంటుంది; అది క్లాక్ లెక్క, ఒక్కో క్లాక్‌కి రెండుసార్లు డేటా పోతుంది కాబట్టి రెట్టింపు చేసుకో. మెమరీ కంట్రోలర్ (ప్రాసెసర్‌లో ర్యామ్‌ని నడిపే భాగం) క్లాక్ కూడా 3000 ఉందో లేదో చూడు. 1500 ఉంటే బోర్డు సగం వేగానికి దింపేసిందన్నమాట, అప్పుడు ఆలస్యం పెరిగి 6000 వల్ల వచ్చే లాభం చాలావరకు పోతుంది. బయోస్‌లో యూక్లాక్ (ఆ కంట్రోలర్ క్లాక్), మెమ్‌క్లాక్ (ర్యామ్ క్లాక్) సమానం అనే ఆప్షన్ పెట్టు.

విండోస్ తెరుచుకుంది కదా అని పని అయిపోయిందనుకోకు. ర్యామ్ తప్పు వెంటనే కనబడదు. వారం తర్వాత జిప్ ఫైల్ తెరుచుకోదు, గేమ్ కారణం లేకుండా మూసుకుపోతుంది, నువ్వు గ్రాఫిక్స్ డ్రైవర్‌ని తిడుతూ కూర్చుంటావు. అందుకే ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86ని పెన్‌డ్రైవ్‌లో వేసి, రాత్రి పడుకునే ముందు నాలుగు పాస్‌లు (పూర్తి విడతలు) పెట్టు. ఒక్క ఎర్రర్ వచ్చినా ఫెయిలే, ‘ఒకటే కదా’ అనకు. అది పాసయ్యాక గేమ్ ఆడుతూ హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో స్టిక్‌ల ఉష్ణోగ్రత చూడు. గ్రాఫిక్స్ కార్డు వేడిగాలి నేరుగా వాటికే కొడుతుంది. నీ గదికి పైన స్లాబే కాబట్టి జనవరిలో పాసైన సెట్టింగ్ మే నెలలో తప్పొచ్చు. 55 డిగ్రీలు దాటుతోందంటే ముందు ఫ్యాన్ సంగతి చూడు, వోల్టేజీ కాదు.

ఎర్రర్లు వస్తే ఎక్స్‌పో అలాగే ఉంచి వేగం మాత్రం 5600కి దింపు. నీ స్టిక్ సీఎల్30, అంటే అడిగిన డేటా ఇవ్వడానికి ముప్పై క్లాక్‌లు తీసుకుంటుంది. 6000 దగ్గర ఆ ముప్పై క్లాక్‌లు 10 నానోసెకన్లు, 5600 దగ్గర 10.7. రోజువారీ పనిలో ఆ తేడా నీకు తెలియను కూడా తెలియదు. మెమరీ కంట్రోలర్‌కి వెళ్లే ఎస్ఓసీ వోల్టేజీని మాత్రం 1.3 వోల్టులు దాటనివ్వకు. 2023లో కొన్ని ఎక్స్3డీ రకం రైజెన్ ప్రాసెసర్లు కాలిపోయాకే ఏఎమ్‌డీ ఆ హద్దు పెట్టింది. యూట్యూబ్ చూసి వోల్టేజీలు పెంచే సరదా నీకొద్దు.

మరో రెండు స్టిక్‌లు కొని నాలుగూ నింపుదామనుకుంటున్నావట. వద్దు. నాలుగు స్టిక్‌లతో ఈ ప్రాసెసర్ అధికారిక వేగం 3600కి పడిపోతుంది. అదే మోడల్ కొన్నా లోపలి చిప్‌లు వేరే కంపెనీవి ఉండొచ్చు. 64 జీబీ కావాలంటే ఇవి అమ్మేసి, ఒకే ప్యాక్‌లో వచ్చే రెండు 32ల కిట్ తీసుకో.

మీ చెల్లి పీసీలో హెచ్610 బోర్డు అన్నావు కదా, దానికి 3600 ర్యామ్ కొనకండి. ఆ చిప్‌సెట్‌లో (బోర్డులోని ప్రధాన చిప్) మెమరీ ఓవర్‌క్లాక్ లేదు, పాత తరం డీడీఆర్4 ర్యామ్ అయితే 3200 దగ్గరే ఆగుతుంది.

ఇంకొకటి, బయోస్ అప్‌డేట్ చేసినప్పుడల్లా ఎక్స్‌పో ఆఫ్ అయిపోతుంది. అన్నీ కుదిరాక ఆ పేజీలు ఫోన్‌తో ఫొటో తీసి ఉంచుకో. మెమ్‌టెస్ట్‌లో ఎర్రర్ వస్తే ఆ తెర ఫొటో నాకు వాట్సాప్‌లో పంపు.

ఆశీస్సులతో,
మామయ్య